నాలుగు నిమ్మకాయల ప్రమాణం

రోడ్లు ఊడ్చే రోబోలకు ప్రపంచంలో ఎక్కడా లేని ప్రమాణాలు మన నాచారంలో పుట్టబోతున్నాయని యంత్రశక్తి శాఖ మంత్రి మహిపాల్ గారు ప్రకటించారు. ఎక్కడా లేవన్నది ఆయన కనుక్కొని చెప్పిన మాట కాదు, ధైర్యంగా చెప్పిన మాట. అవి పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా పేరు త్రిమూర్తులు. పారిశ్రామికవాడ మలుపులో నాది కిరాణా కొట్టు. ప్రమాణాలకు వాడిన నాలుగు నిమ్మకాయలూ మా కొట్టువే.

పరీక్షకు వచ్చిన రోబోను మా వెనక షెడ్డులో త్రివేణి అనే ఇంజనీరు అమ్మాయి తయారుచేసింది. అది తనంతట తానే ఊడ్చుకుంటూ పోతుంది. ఎదురుగా పిల్లి వచ్చినా, పిల్లాడు వచ్చినా టక్కున ఆగుతుంది. ఆ ఆగడం నేర్పడానికే ఆ పిల్ల రెండేళ్లు తిండీ నిద్రా మానుకుంది. పాసైతే ఉప్పల్ నుంచి బోడుప్పల్ దాకా రోడ్లన్నీ దానివే. ఫెయిలైతే షెడ్డుకు తాళం, అందులో పనిచేసేవాళ్లంతా ఇంటికి.

కొత్త బండి కదిలేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకపోతే ఎలా? పూజకని అందరూ చెప్పులు విప్పారు. పంతులుగారు నిమ్మకాయలు పెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు.

రోబో కదల్లేదు. "ముందు అడ్డం ఉంది. దయచేసి తొలగించండి," అంది.

మంత్రిగారి పీఏ కనకరాజు త్రివేణిని పక్కకు పిలిచాడు. "ఏందమ్మా గిది? నిమ్మకాయకే ఆగితే రేపు అమాస నాడు గుమ్మడికాయలకు ఏం జేస్తది?"

"దానికి కన్ను పెట్టినం సార్. ఏది అడ్డమొచ్చినా ఆగుతది. గదే దాని గొప్ప. జర నిమ్మకాయలు తీస్తే పోతది."

పంతులుగారు చెవులు మూసుకున్నారు. పెట్టిన నిమ్మకాయ తీయడం ఆయన సర్వీసులో లేదట. ప్రమాణాల కమిటీ ఛైర్మన్ కళ్లజోడు సవరించుకున్నారు. ఈ రంగంలో ఆయనది అపారమైన అనుభవం. మొన్నటిదాకా కోళ్ల ఫారాలు చూసేవారు.

"చూడమ్మా, ఆగడం పెర్ఫార్మెన్స్ కాదు, పోవడం పెర్ఫార్మెన్స్. ఫెయిల్ అని రాసుకుంటున్నాను."

"వర్జ్యం వచ్చేస్తోంది," అన్నారు పంతులుగారు.

"జర ఆ కన్ను బంద్ చెయ్యి తల్లీ," అన్నాడు కనకరాజు మెత్తగా. "ఏమైతది?"

త్రివేణి షెడ్డు వైపు చూసింది. పనివాళ్లంతా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఆ పిల్ల వంగి ఒక వైరు పీకింది. నాకు పాపం అనిపించింది గానీ, దేశ ప్రగతికి అడ్డు రాకూడదని ఊరుకున్నాను.

ఇక చూస్కోండి. నిమ్మకాయలు పచ్చడైపోయాయి. చప్పట్లు. పూలకుండీలు పోయాయి. ఇంకా చప్పట్లు. కమిటీవారి చెప్పులన్నీ ఊడ్చి లోపల వేసుకుంది. తర్వాత మంత్రిగారి వైపు తిరిగింది. ఆ వయసులో, ఆ ఒంటితో ఆయన వేదిక మీదికి ఎగిరిన తీరు చూస్తే, మన నాయకులకు ఏ ప్రమాణాలూ అక్కర్లేదనిపించింది. త్రివేణి పరుగున వెళ్లి బటన్ నొక్కి ఆపింది.

ఛైర్మన్ ఉత్తకాళ్లతో లేచి మొదటి ప్రమాణం చదివారు: రోబో దేనికీ ఆగరాదు. సర్టిఫికెట్టు అందుకుంటుంటే త్రివేణి కళ్లలో నీళ్లు. ఆనందబాష్పాలని మర్నాడు పేపర్లలో వచ్చింది.

వారం తర్వాత త్రివేణి మా కొట్లో టీ పొడి తీసుకుంటుంటే ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది. సాక్షాత్తూ మంత్రిగారే.

"అమ్మా, మా బంగ్లాకు ఒక రోబో కావాలె."

"పంపిస్త సార్. సర్టిఫికెట్ ఉన్నదే పంపిస్త."

"వద్దొద్దు. మనుమలు వాకిట్ల ఆడుకుంటరు. గా కన్ను ఉండె సూడు, గది పంపు."

"సార్, గది ఫెయిలైంది కద."

అవతల గొంతు తగ్గింది.

"ఫెయిలైందే పంపు తల్లీ," అన్నారు మంత్రిగారు. "నిమ్మకాయలు మేమేం పెట్టం."