వేలానికి వెళ్ళిన కుండ

ఆదివారం పొద్దున మెర్లిన్ పథకం చాలా చిన్నది. చర్చి గుడికి వెళ్ళడం, కోత పండుగ విందు తినడం, తన ఎరువు కుండ పట్టుకుని సాయంత్రం బస్సుకు నెల్లూరు చేరడం. సోమవారం యూనివర్సిటీలో విజయకుమారి మేడంకు ఆ కుండ చూపించకపోతే పర్యావరణం పేపర్ ఫెయిలే. మేడం ఆ ముక్క నవ్వకుండా చెప్పింది. ఆవిడ ఏదీ నవ్వుతూ చెప్పదు.

ఈ చదువులో చేరకముందు చిప్స్ కవర్లు కిటికీలోంచి విసిరిన మెర్లిన్, ఇప్పుడు వాకాడు దగ్గరి తమ ఊరిని బాగుచేసే పనిలో ఉంది. ఈ ఏడు పండుగ వేలానికిచ్చే కానుకలు ప్లాస్టిక్ కవర్లలో తేకూడదనీ, మట్టికుండకు తెల్లగుడ్డ కట్టి తేవాలనీ సంఘాన్ని ఒప్పించింది కూడా ఆమే.

స్నానం చేసి వంటింట్లోకి వస్తే ఒక్క కుండే ఉంది. గుడ్డ విప్పింది. ఎర్రగా, నూనె తేలుతూ రొయ్యల పచ్చడి! అమ్మ మగ్దలీనమ్మ కానుకకని పెట్టినది. రాత్రి పిల్లికి భయపడి ఎరువు కుండను దీని పక్కనే పెట్టింది మెర్లినే. దానికి కట్టిన గుడ్డా అమ్మదే. నాయన హెబ్రోను పొద్దున్నే గుడికి మోసుకుపోయింది ఏ కుండో ఆమెకు అర్థమైంది.

పరుగున గుడికి వెళ్ళింది. బల్ల నిండా కుండలే. అన్నీ ఒకే రకం, అన్నిటికీ తెల్లగుడ్డే. పాస్టర్ లాజరస్ గారు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే వంగి ఒక్కొక్కటీ వాసన చూసింది. బాగా మాగిన ఎరువుకు కంపు ఉండదని మేడం చెప్పింది. ఆ మాట విని శ్రద్ధగా మాగబెట్టినందుకు మెర్లిన్ మొదటిసారి ఏడుపుముఖం పెట్టింది.

వేలం మొదలైంది. దేవుడికిచ్చినది పాడుకున్నవాడు తప్ప ఎవరూ విప్పకూడదని అక్కడి ఆచారం. నాయన ఒక కుండ పైకెత్తాడు.

"మా మగ్దలీన చేసిన రొయ్యల పచ్చడి!"

"నాయనా, అది కాదు, అది..."

"గమ్మునుండు పాపా! నీ ప్లాస్టిక్ గోల ఇంటికి పోయి చెప్పు."

పాట ఎగబాకింది. చివరకు సంఘ పెద్ద నరేంద్రబాబు గెలిచాడు. ప్రార్థనలో ఆవలించాడని ఆ ఊరి కుర్రాడు పెంచల్‌తో ఏడాదిగా మాట్లాడని మనిషి ఆయన. ఇక నాయన పరువు గంగపాలే.

విందులో విస్తరాకుల్లో వేడన్నం వడ్డించారు. నరేంద్రబాబు గుడ్డ విప్పి, భక్తిగా కళ్ళు మూసుకుని, ప్రార్థన చేస్తూనే కుండలో చెయ్యి పెట్టాడు.

"వద్దు పెద్దయ్యా!"

ఆయన కళ్ళు తెరిచాడు. అరచేతిలో నల్లటి ముద్ద, దాంట్లో వానపాము మెలికలు తిరుగుతోంది. హెబ్రోను తలొంచేశాడు.

"ఏందిది?"

"ఎరువు పెద్దయ్యా... అరటి తొక్కలు, కూరగాయల చెత్త, ఎండుటాకులు. నాయన తప్పేం లేదు. రేపు మా మేడంకు చూపించాల. లేకుంటే ఫెయిలు," అంటూ ఏడ్చేసింది.

నరేంద్రబాబు ముద్దను వేళ్ళతో నలిపాడు, వాసన చూశాడు.

"నువ్వే చేసినావా?"

"ఊఁ."

"మా మల్లెచెట్లకు ఇట్టాంటిదే కావాల."

"అయితే తిరిగివ్వండి పెద్దయ్యా, మేడం చూసినాక తెచ్చిస్తా!"

"దేవుని సన్నిధిలో పాడుకున్నది ఎట్టా ఇస్తా? పోయిన పచ్చడికి బాధే లేదు." ఆయన గుడ్డ మళ్ళీ బిగించి కుండను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. "వచ్చే పండక్కి మాకొక కుండ చెయ్యి మెర్లినూ!" హెబ్రోను తల మెల్లగా లేచింది. పరువు దక్కింది గానీ పేపర్ దక్కలేదు.

సోమవారం వట్టి చేతులతో వెళ్ళలేక, ఇంట్లో మిగిలిన పచ్చడి కుండనే తీసుకెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. మేడం నవ్వలేదు.

"మరి నీ ఎరువేదీ?"

"నరేంద్రబాబు గారి మల్లెచెట్ల కింద మేడం."

"ఊళ్ళో ఇంకెవరైనా చేస్తామన్నారా?"

"అందరూ నన్నే చేసిమ్మన్నారు మేడం."

మేడం కుండ గుడ్డ విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టి, తన బల్ల కిందికి జరుపుకుంది. "ఇక వెళ్ళు," అంది.

ఆ సెమిస్టర్ పర్యావరణం పేపర్‌లో క్లాసులో మొదటి మార్కు మెర్లిన్‌దే. ఏ కుండకు వచ్చిందో అడిగే ధైర్యం ఆమెకు ఇంతవరకూ రాలేదు.