రొయ్య చేపల్లోకి రాదు

“లార్క్‌స్పర్ వీధిలోని ఏ గృహస్థుగానీ, ఏ గృహిణిగానీ, పిలవకుండా వచ్చి తలుపు తట్టే ఏ అమ్మకందారు దగ్గరా, ఏ కారణం చేతనైనా, ఇకమీదట గుండుసూది కూడా కొనరాదు!”

వీధి సంఘం అధ్యక్షురాలు గ్లెనిస్ ప్రౌట్ ఈ తీర్మానం చదువుతుంటే ఆమె గొంతులో పార్లమెంటు పలికింది. వీధివీధంతా చప్పట్లు కొట్టింది. అందరూ ఏకగ్రీవంగా కోరితే పట్టణ కౌన్సిల్ వారు దీపస్తంభానికి ఒక బోర్డు బిగిస్తారు: ‘పిలవని అమ్మకందార్లకు ఈ వీధిలో ప్రవేశం లేదు’. పక్కనున్న హాథార్న్ వీధికి అలాంటి బోర్డు ఎప్పుడో వచ్చేసింది. అప్పటినుంచి ఆ వీధివాళ్ళు మెడ నిటారుగా పెట్టుకుని నడుస్తున్నారని గ్లెనిస్ అనుమానం. ఆ మెడల బాధ ఆమెకి నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇంత పెద్ద యజ్ఞానికి ఒక బలి కూడా కావాలి కదా! చివరి ఇంట్లో ఐవర్ మంబీ అని, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్న పెద్దాయన. తలుపు తట్టిన ఎవరో కుర్రాడి దగ్గర దుమ్ము తుడుచుకునే పసుపుపచ్చ గుడ్డలు కొన్నాడట. గ్లెనిస్ ఆయన్ని నిండు సభలో లేపి నిలబెట్టింది.

“ఐవర్ గారూ, మీరొక్కరు కొంటే వాడు వీధంతా తిరుగుతాడు. మీ మెత్తదనమే మా అందరి కొంపా ముంచుతోంది!”

“చలికి వణుకుతున్నాడమ్మా. పైగా గుడ్డలు బాగున్నాయి,” అన్నాడు ఐవర్.

సభ గొల్లుమంది. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ సమావేశాలకి రాలేదు. గ్లెనిస్‌కి మనసులో కాస్త కలుక్కుమన్న మాట నిజమే. కానీ సంఘాన్ని సంస్కరించేవాళ్ళకి ఇలాంటి కలుకులు మామూలేనని సర్దిచెప్పుకుంది.

తీర్మానం మీద సిరా ఆరకముందే ఒకనాడు తలుపు గంట మోగింది.

తలుపు గంట మోగితే ఇంగ్లండులో మర్యాదస్తులు చేసే పని ఒకటే: సోఫా వెనక నక్కి ఊపిరి బిగబట్టడం. గ్లెనిస్ భర్త క్లైవ్ అప్పటికే అక్కడికి చేరుకున్నాడు. గ్లెనిస్ మాత్రం అధ్యక్షురాలాయె! దుష్టశిక్షణకి సిద్ధపడి తలుపు తీసింది.

గుమ్మంలో తెల్లకోటు వేసుకున్న యువకుడు. వెనకాల తెల్ల వ్యాను. పేరు డీన్ అని చెప్పుకున్నాడు.

“గ్రిమ్స్‌బీ రేవు నుంచి చేపలు తల్లీ! పట్నంలో పెద్ద హోటలువాళ్ళు కావాలని చెప్పి, ఆఖరి నిమిషంలో వద్దన్నారు. ఇంత సరుకూ పారబొయ్యడానికి చెయ్యి రావట్లేదు. ఈ వీధిలో మీ ఒక్కరికే చెబుతున్నా.”

గ్లెనిస్ గంభీరంగా ఉపన్యాసం ఎత్తుకుంది. పౌరుల ప్రశాంతత గురించి, గృహం యొక్క పవిత్రత గురించి చెప్పింది. డీన్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“ఎంత బాగా చెప్పారు తల్లీ! మా అమ్మా అచ్చం ఇలాగే అంటుంది.”

ఇంతలో వాన అందుకుంది. వానలో తడుస్తూ తన ఉపన్యాసం వింటున్నవాడికి టీ ఇవ్వకపోతే ఎలా? ఇచ్చింది. టీ తాగినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం ఎలా? చిక్కంతా అక్కడే వచ్చింది. ‘వద్దు’ అనే మాట ఆమెకి తెలియక కాదు. ఆ మాటని మనిషి మొహం మీద అనడం ఆమె పెంపకంలో లేదు.

“మీరు చాలా మంచివారు. కాకపోతే మా ఫ్రీజరు కాస్త చిన్నదేమోనని...”

“గరాజులో పెద్దదుందిగా తల్లీ, వస్తూ చూశా!” డీన్ అప్పటికే పెట్టెలు దించుతున్నాడు.

“అయ్యో, మీకెందుకండీ శ్రమ,” అంది గ్లెనిస్. తన జన్మలో ఇంతకంటే కఠినంగా ఆవిడ ఎవరినీ కాదనలేదు. డీన్ దాన్ని ఆశీర్వచనం కింద పుచ్చుకున్నాడు.

వ్యాను వెళ్ళాక క్లైవ్ సోఫా వెనకనుంచి లేచొచ్చి గరాజులోకి తొంగిచూశాడు.

“ఏమిటివి?”

“చేపలు.”

“ఎవరి దగ్గర కొన్నావు?”

“క్లైవ్! ఈ సంగతి బయటికి పొక్కిందో, నేనిక వీధిలో తలెత్తుకోలేను. ఆ కోశాధికారి డెస్మండ్ నా కుర్చీ కోసం గోతికాడ నక్కలా కాచుక్కూచున్నాడు. తిను, నోరు మూసుకుని తిను!”

నోరు మూసుకుని తినడం ఎలాగో క్లైవ్‌కి బోధపడలేదు గానీ, ప్రయత్నించాడు. పొద్దున చేప, సాయంత్రం చేప. వాటి రుచి మాటంటారా? ఉప్పు చల్లితే ఉప్పు రుచి, నిమ్మకాయ పిండితే నిమ్మకాయ రుచి. చేప తనంతట తానుగా ఏమీ మాట్లాడదు. ఎదురింటి లవీనియా గారి పిల్లికి ఒక ముక్క వేస్తే, అది వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. పిల్లికి చేప మొహం మొత్తడమేమిటో గ్లెనిస్‌కి అప్పుడు తట్టలేదు.

ఎట్టకేలకు బోర్డు మంజూరైంది. గ్లెనిస్ పట్టుబట్టి దాన్ని తన ఇంటిముందున్న దీపస్తంభానికే బిగించుకుంది. శనివారం సాయంత్రం ఆవిష్కరణ. దానికి ముందు ఆమె ఇంట్లోనే విందు, ఇంటికొక వంటకం తేవాలని నియమం. కౌన్సిల్ తరఫున బ్రెండా ట్విగ్ అనే అధికారిణి వస్తుంది. ఫొటో తీసే బాధ్యత క్లైవ్‌ది.

“బోర్డు మీద కప్పిన గుడ్డ తొలగిన మరుక్షణం నొక్కాలి, తెలిసిందా? సొంత తెలివి ఉపయోగించకు,” అని గ్లెనిస్ పదేపదే చెప్పింది.

మిగిలిన చేపలన్నీ ఆమె ఒకే పెద్ద పళ్ళెంలో పరిచి, పైన బంగాళాదుంప ముద్ద కప్పి ఓవెన్లో పెట్టింది. సాక్ష్యాన్ని అతిథుల చేతే తినిపించెయ్యడం! ఇంతటి ఎత్తు వేసినందుకు తన వీపు తనే తట్టుకోవాలనిపించింది.

మొదట డెస్మండ్ వచ్చాడు, మూతపెట్టిన గిన్నెతో.

“ఏం తెచ్చారు డెస్మండ్ గారూ?”

“అబ్బే, ఏదో మామూలుగా... చేపల కిచిడీ.”

తర్వాత లవీనియా వచ్చింది. చేపల వడలు. ఆ తర్వాత వచ్చినావిడ చేపల చారు. ఆ వెనకాయన వేయించిన చేపలు, ఆయన వెనకావిడ ఉడికించిన చేపలు. చూస్తుండగానే గ్లెనిస్ గారి భోజనాల బల్ల సముద్రమైపోయింది.

డెస్మండ్ గ్లెనిస్ వంటకం ఒక చెంచా నోట్లో వేసుకుని, నమలడం ఆపేశాడు. గ్లెనిస్ డెస్మండ్ కిచిడీ రుచి చూసి, గడ్డకట్టింది. ఏ రుచీ లేని చేప లోకంలో ఒకే ఒక్క వ్యానులో దొరుకుతుంది! ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకరి గుట్టు విప్పాలంటే రెండోవాళ్ళు ముందు తమ గుట్టు విప్పుకోవాలి.

“సూపర్‌మార్కెట్లో కొన్నాను,” అంది గ్లెనిస్, ఎవరూ అడక్కుండానే.

“మేమూ అక్కడే!” అన్నారందరూ.

“నాకు సలాడు చాలండీ,” అంది బ్రెండా ట్విగ్ నీరసంగా. “ఇంట్లో నెల్లాళ్ళుగా ఇదే... అంటే, డాక్టరు వద్దన్నారు.”

అప్పుడొచ్చాడు ఐవర్ మంబీ. వీధిలో ప్రతి ఇంటినీ పిలవాలన్నది కౌన్సిల్ నియమం కాబట్టి ఆయన్నీ పిలిచారు. చేతిలో గాజుగిన్నె నిండా జెల్లీ, కస్టర్డు. బల్ల ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశాడు.

“చేపలు తినే శుక్రవారం నిన్నే వెళ్ళిపోయిందనుకున్నానే!”

జవాబిచ్చే అవసరం రాలేదు. తలుపు గంట మోగింది. కిటికీలోంచి తెల్ల వ్యాను కనిపించింది.

ఎవరు దీపం ఆర్పారో తెలియదు. మరుక్షణం వీధి సంఘం యావత్తూ సోఫా వెనక ఉంది. చోటు చాలక డెస్మండ్ బల్లకింద దూరాడు. అందరికంటే ముందు దాక్కున్నది అధికారిణి గారే. నిలబడి ఉన్నది ఐవర్ ఒక్కడు. ఆయన నిమ్మళంగా వెళ్ళి తలుపు తీశాడు. అవతల డీన్ గొంతు చాలాసేపు వినిపించింది. తర్వాత ఐవర్ గొంతు వినిపించింది.

“నాకొద్దు నాయనా.”

“సరే తాతా, చలి జాగ్రత్త.”

“నువ్వూ జాగ్రత్త.”

తలుపు మూసుకుంది. అంతే! సోఫా వెనక మోకాళ్ళ మీద ఉన్న గ్లెనిస్‌కి ఒళ్ళంతా సిగ్గు ముంచుకొచ్చింది. ఇంత తేలికా ఆ మాట అనడం? ఈ మనిషినా తను నిండు సభలో నిలబెట్టి నవ్వులపాలు చేసింది? క్షమాపణ అడగాలి, ఇప్పుడే, అందరిముందూ అడగాలి.

“ఐవర్ గారూ...”

“చెప్పమ్మా.”

“ఈసారి... ఏం తెచ్చాడట?”

“రొయ్యలట. హోటలువాళ్ళు ఆఖరి నిమిషంలో వద్దన్నారట. సగం ధరే అన్నాడు.”



“శాస్త్రప్రకారం చూస్తే,” అంది బల్లకిందనుంచి డెస్మండ్ గొంతు, “రొయ్య చేపల్లోకి రాదు.”

గ్లెనిస్ లేచి నిలబడింది. మళ్ళీ అధ్యక్షురాలైపోయింది. “బ్రెండా గారూ, నిషేధం ఏ క్షణం నుంచి అమల్లోకి వస్తుంది?”

బ్రెండా మోకాళ్ళు దులుపుకుంది. “నిబంధనల ప్రకారం, బోర్డు మీది గుడ్డ తొలగిన క్షణం నుంచి.”

“అయితే ఆవిష్కరణని కొద్దిసేపు వాయిదా వెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను.”

“బలపరుస్తున్నాను!” అన్నాడు డెస్మండ్, కుర్చీ మీద ఆశ వదులుకుని.

ఏకగ్రీవంగా ఆమోదించి, సభ్యులు ఏకగ్రీవంగానే పరుగెత్తారు. వ్యాను దీపస్తంభం దగ్గరే ఆగి ఉంది. డీన్ పెట్టెలు అందిస్తూ ఒక్కొక్కరి చెవిలో, “మీ ఒక్కరికే తల్లీ” అంటున్నాడు. అధ్యక్షురాలు కాబట్టి గ్లెనిస్‌కి మొదటి రెండు పెట్టెలు. లవీనియాకి ఒకటి. డెస్మండ్ గడ్డం కింద అదిమిపట్టుకున్నవి మూడు. బ్రెండా సంచీ తెచ్చుకోనందుకు తెగ నొచ్చుకుంటోంది.

ఐవర్ నెమ్మదిగా అక్కడికి వచ్చాడు. తలెత్తి బోర్డుకేసి చూశాడు.

“గుడ్డ దాటి కనిపిస్తున్న అంచుల దగ్గర పావురాలు ఈ బోర్డుని పాడుచేసినట్టున్నాయమ్మా. తుడవనా?”

“వద్దు! ఆగండి!” వీధంతా ఒక్కగొంతుతో అరిచింది. ఆ వీధివాళ్ళు అంత స్పష్టంగా ‘వద్దు’ అనడం అదే మొదలు.

కానీ ఆయన అప్పటికే తాడు లాగేశాడు. గుడ్డ జారింది. దీపం వెలుగులో అక్షరాలు ధగధగమన్నాయి. వాటికింద పెట్టెలు కౌగిలించుకుని నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఉండిపోయారు. క్లైవ్ భార్య మాట జవదాటని మనిషి. సొంత తెలివి ఉపయోగించలేదు. మరుక్షణం నొక్కాడు.

ఐవర్ జేబులోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి, బోర్డుని మూలమూలలా శుభ్రంగా తుడిచాడు. తర్వాత గ్లెనిస్ వైపు తిరిగాడు.

“గుడ్డలు బాగున్నాయని అప్పుడే చెప్పాను కదమ్మా.”