ఎర్ర నూనె ఎవరిది?

రాష్ట్రం రావడానికి ముందు ఏటి ఎండాకాలం. ఆ రోజు ఈరవ్వ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే కామారెడ్డిలో కారెక్కాలి, ఎల్లారెడ్డిలో చిన్న బిడ్డ అంజలి రెండో కొడుకు తొట్టెల వేడుకకు అందుకోవాలి, బంతి భోజనాల్లో వియ్యపురాలి ముందర మామిడికాయ తొక్కు జాడీ తన చేతులతో విప్పాలి. అంతే.

కానీ ఆ జాడీ వెనక ఏడాది కోపం ఉంది. పోయినేడు పంపిన తొక్కుకు బూజు పట్టిందని వియ్యపురాలు పదిమందిలో అన్నది. తడి గరిటె పెట్టింది వాళ్లు, మాట పడ్డది ఈరవ్వ. అందుకే ఈసారి కాయలు తానే ఏరింది, కారం తానే దంచింది, నూనె పైకి తేలేలా పోసింది. జాడీ మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి, రాత్రే కారు డిక్కీలో పెట్టించింది. ఎల్లారెడ్డి చేరేదాకా ఆ ముడి ఎవరూ ముట్టడానికి వీల్లేదు.

తెల్లవారి కొడుకు గంగారాం కారు దగ్గరికి పోయి, అక్కడి నుంచే కేకేశాడు.

"అవ్వా! నీ తొక్కు కారింది! కారు కిందంత ఎర్ర నూనెనే!"

ఈరవ్వ కొంగు బిగించి వచ్చింది. ముందు చక్రాల నడుమ ఎర్రటి నూనె మడుగు కట్టి ఉంది.

"జాడీ ఏడున్నదిరా?"

"డిక్కీల."

"నూనె ఏడున్నది?"

"ముంగట."

"మరి నా తొక్కు లేచి ఇంజిన్ దాక నడిచొచ్చిందా?"

"వాకిలి వాలుగున్నది కదనే. జారొచ్చింది."

ఆ కారు గంగారాం హైదరాబాదులో కొన్న సెకండ్ హ్యాండుది. దాన్ని ఎవరేమన్నా కన్నబిడ్డను అన్నట్టు ముఖం మాడ్చుకుంటాడు. తల్లికి జాడీ ఎంతో కొడుక్కి కారు అంత. ఇద్దరి నడుమ కోడలు ప్రమీల నలిగిపోయింది.

"లొల్లి ఎందుకత్తమ్మా? ఒక్కసారి వాసెన విప్పి చూస్తే తెలిసిపోతది."

"విప్పుతవా? విప్పి మళ్ల కడితే, మీరు తినంగ మిగిలింది తెచ్చిన్రా అంటది ఆమె! ముడి మీద చెయ్యేసినోళ్ల చెయ్యి ఇరుగుతది!"

ముడి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ప్రమీల మడుగు మీద బూడిద చల్లింది. కారు కదిలింది.

ఊరు దాటకముందే స్టీరింగ్ మూలగడం మొదలుపెట్టింది. తిప్పినప్పుడల్లా తోక తొక్కిన కుక్కపిల్లలా కుయ్యిమన్నది. గంగారాం రెండు చేతులతో బలంగా తిప్పుతూ చెమటలు కక్కాడు.

"జాడీ బరువుకు కారు వెనకకు కుంగిందే. అందుకే స్టీరింగ్ బిగుసుకపోయింది."

"జాడీ బరువా? ముంగట నీ బొర్ర కనవడతలేదారా?"

తాడ్వాయి దగ్గర చక్రాలకు గాలి పట్టించాడు. కుయ్యిమనడం ఆగలేదు. అక్కడే హోటల్‌లో జాడీ దించిపోదాం, వచ్చేటప్పుడు తీసుకుందాం అన్నాడు. ఈరవ్వ తలుపు తీసి ఒక కాలు బయట పెట్టింది.

"జాడీ దిగితే నేను దిగుత. మీ చెల్లె అవ్వ ఏదని అడిగితే, హోటల్‌ల పెట్టొచ్చినమని చెప్పు."

గంగారాం పళ్లు కొరుకుతూ మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడు.

లింగంపేట దాటాక ఒక మలుపు. మలుపులో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. గంగారాం తిప్పాడు. స్టీరింగ్ రాయిలా నిలబడ్డది. లేచి నిలబడ్డంత పని చేసి తిప్పాడు. రోడ్డు తన దారిన వంక తిరిగింది, కారు మాత్రం తిన్నగా పోయి వడ్ల కుప్పలో దూరి ఆగింది. డిక్కీలో ఏదో దభీమన్నది.

వడ్ల ఆసామి దేవీసింగ్ గింజలు తిరగేసే గొర్రుతో ఉరికొచ్చాడు.

"గింత రోడ్డు సరిపోలేదా? నా వడ్ల మీదికొస్తివి!"

"రోడ్డు మీద వడ్లు పోసుడేంది?"

"మరేడ పోయాలె? నీ నెత్తి మీదనా?"

"నా తప్పు కాదన్నా. అంత మా అవ్వ తొక్కుతోని అయింది!"

దేవీసింగ్ గొర్రు దించి, కారులోకి వంగి ఈరవ్వను చూశాడు. కోపం పక్కన పెట్టి అడిగాడు.

"తొక్కుకు స్టీరింగ్‌కు ఏం సంబంధమే అవ్వా?"

"అదే నేను పొద్దటి సంది మొత్తుకుంటున్న, బిడ్డా!"

తన వడ్ల మీంచి కారు కదలాలి గనక దేవీసింగే ఎల్లారెడ్డికి ఫోన్ చేసి మెకానిక్ అజీముద్దీన్‌ను పిలిపించాడు. అతను స్కూటర్ దిగి బానెట్ లేపాడు. తడిసిన చోటల్లా గుడ్డతో తుడిచి, ఇంజిన్ స్టార్ట్ చేయించాడు.

"స్టీరింగ్ ఈ కొసకెళ్లి ఆ కొసకు తిప్పు భాయ్."

గంగారాం తిప్పాడు. ఒక రబ్బరు పైపు మొదట్లో ఎర్రటి చుక్క ఉబ్బి, పడింది. దాని వెనక ఇంకొకటి.

"పవర్ స్టీరింగ్ పైపు పగిలింది. ఈ నూనె ఎర్రగనే ఉంటది. కారిపోతే ముందు కుయ్యిమంటది, తర్వాత రాయిలెక్క అయితది."

ఈరవ్వ కారు దిగి వడ్లలో నిలబడ్డది.

"ఇంకోసారి చెప్పు బిడ్డా. మావోనికి చెవులు సక్కగ వినవడయి."

"తప్పయిందే అవ్వా," అన్నాడు గంగారాం నేల చూస్తూ.

"గట్టిగ! వడ్లాయనకు వినవడాలె!"

"నాకు వినవడ్డది, నాకు వినవడ్డది," అన్నాడు దేవీసింగ్ తొందరగా.

అజీముద్దీన్ పైపు పగిలిన కొస కోసేసి, క్లిప్పు బిగించి, కొత్త నూనె పోశాడు. అంతసేపూ ఈరవ్వ నోరు ఆగలేదు. కొడుకును, కారును, దాన్ని అమ్మినవాణ్ణి, కొనమన్నవాణ్ణి వరసగా కడిగింది. చివరికి అందరూ తోసి కారును వెనక్కి లాగారు. అప్పుడు అజీముద్దీన్ డిక్కీ దగ్గర వంగాడు.

"భాయ్, వెనక గూడ కారుతున్నది. ఇదేందో చూడాలె."

"అది గూడ స్టీరింగ్ నూనెనే!" అన్నది ఈరవ్వ.

"స్టీరింగ్ ముంగటుంటదవ్వా."

"ఎర్రగుంటే స్టీరింగ్ నూనె అని నువ్వే అంటివి! సగం పని చేసి తప్పించుకుంటవా?"

అజీముద్దీన్ నూనె అంటని చెయ్యి చాపి ఒక చుక్క వేలి మీద పట్టాడు. వాసన చూశాడు. కొంచెం ఆలోచించి నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పు జర ఎక్కువైంది," అన్నాడు.

"ఎవడ్రా నా తొక్కుల ఉప్పెక్కువన్నది!" ఈరవ్వ గొంతు అటు పొలాల దాకా పోయింది. "కల్లుప్పు ఎండబెట్టి, దంచి, కొలిచి ఏసిన! నీకేం తెల్సు తొక్కు..."

అక్కడ ఆగింది. ప్రమీల కొంగు నోట్లో కుక్కుకున్నది. గంగారాం నోరు తెరవబోయాడు.

"ఒక్క మాట మాట్లాడినవో చూడు," అన్నది ఈరవ్వ.

అతను నోరు మూసి, డిక్కీ తెరిచాడు. కుప్పలో గుద్దుకున్న ఊపుకు జాడీ పక్కకు ఒరిగి ఉంది. ముడి ముడిలాగే ఉంది. నూనె మాత్రం గుడ్డలోంచి దారి చూసుకున్నది.

తొట్టెల వేళకు అందుకున్నారు. బంతిలో ఈరవ్వ తన చేతులతోనే వాసెన విప్పింది. వియ్యపురాలు గరిటె తుడిచి మరీ పెట్టింది, ఒక ముక్క నోట్లో వేసుకున్నది. తినేవాళ్లు తినడం ఆపి చూశారు.

"ఉప్పు, కారం మంచిగ కుదిరినయి వదినె," అన్నది వియ్యపురాలు. అజీముద్దీన్ అక్కడ లేనందుకు ఈరవ్వకు మళ్లీ కోపం వచ్చింది. "గని, గీసారి నూనెకు గింత పిసినారి పని చేసినవేంది?" అని వియ్యపురాలే మళ్లీ అడిగింది.

గంగారాం విస్తరిలోకి తల దించుకున్నాడు.

"మావోని కారుకు పోసినం వదినె," అన్నది ఈరవ్వ.