కుడి చెవి వెనక మాట

ఆ ఉదయం రికార్డిస్టు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకి భోజనాల బల్ల దగ్గర ఓ పావుగంట ఇంటి చప్పుళ్లు రికార్డు చేయాలి. ఎనిమిదిన్నరకి బస్సెక్కాలి. తొమ్మిదిన్నరకి స్టూడియోలో కూర్చుని అక్కర్లేనివి కత్తిరించాలి. పదింటికి ప్రచురణకర్త వస్తుంది. ఆవిడ హెడ్‌ఫోన్‌లో వినడానికి దెయ్యాల కథలు తయారు చేయించాలనుకుంటోంది. ఆ పని దొరికితే అతని విభాగం నిలుస్తుంది. దొరక్కపోతే నెలాఖరుకి మూత. ఆ సంగతి రాసిన ఉత్తరం వారం రోజులుగా అతని సంచి అడుగున ఉంది. భార్యకి చెప్పలేదు. వారం రోజులుగా తిండి సయించడం లేదు, నిద్రా లేదు.

ఆశంతా ఒక రబ్బరు తలకాయ మీద పెట్టుకున్నాడు. దానికి అచ్చం మనిషి చెవుల్లాంటి చెవులు, ఒక్కో చెవిలో ఒక్కో మైకు. మామూలు స్టీరియోని హెడ్‌ఫోన్‌లో వింటే శబ్దం కుడికీ ఎడమకీ జరుగుతుంది గానీ తల లోపలే తచ్చాడుతూ ఉంటుంది. ఈ తలకాయతో చేసిన బైనారల్ రికార్డింగు అలా కాదు. వెనక తలుపు చప్పుడైతే వెనకే వినబడుతుంది, ఎవరైనా పక్కకొచ్చి మాట్లాడితే మెడ మీద ఊపిరి తగిలినట్టుంటుంది. ఈ తేడా గురించి రెండేళ్లుగా మేనేజరుతో మొత్తుకుంటున్నాడు.

"చెవులు రెండు, స్టీరియోలో చానళ్లూ రెండు. లెక్క సరిపోయిందిగా! మధ్యలో ఈ బుర్రెందుకయ్యా?" అని మేనేజరు ప్రతిసారీ కొట్టిపారేసేవాడు.

భుజాలు కూడా ఉంటే శబ్దం ఇంకా సహజంగా వస్తుందని రికార్డిస్టు రెండు దిళ్లకి తన గళ్ల చొక్కా తొడిగి, కుర్చీలో నిలబెట్టి, పైన తలకాయ పెట్టాడు. పోల్చి చూపడానికి గది మూల మామూలు స్టీరియో మైకులు అమర్చాడు. తన ఊపిరి కూడా అందులో పడకూడదని రెండిటినీ మొదలుపెట్టి, చప్పుడు చేయకుండా మెట్లు దిగి వీధిలో నిలబడ్డాడు. పావుగంట తర్వాత వచ్చి అన్నీ సర్దేశాడు. వినే తీరిక లేకపోయింది.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో తలకాయ ఉన్న సంచి పెట్టుకుని హెడ్‌ఫోన్ తగిలించాడు. ఎడమ పక్క నీళ్లు పడుతున్నాయి. వెనక గదిలో భార్య బీరువా తలుపు వేసింది. దూరంగా కుక్క మొరిగింది. అద్భుతంగా వచ్చిందనుకున్నాడు. ఇంతలో చెప్పుల చప్పుడు వెనక నుంచి దగ్గరికొచ్చి, కుడి చెవి పక్కన ఆగింది.

"నాయనా!"

రికార్డిస్టు ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "రండి అత్తయ్యగారూ, కూర్చోండి" అని సీటు చూపించాడు. అక్కడ అత్తగారు లేరు. వెనక నిలబడ్డ లావుపాటాయన "థ్యాంక్సండీ" అని కూర్చున్నాడు.

చెవిలో గుసగుస సాగుతూనే ఉంది. "నాకంతా తెలుసు నాయనా. ఎన్నాళ్లని దాస్తావు? ఇలాంటివి దాగవు. నేనైతే నోరు విప్పను. నువ్వే ధైర్యం చేసి చెప్పెయ్. ఎవరూ నిన్ను కొట్టర్లే."

అత్తగారు కళ్లజోడు పెట్టుకోకుండా వచ్చి, గళ్ల చొక్కా చూసి అల్లుడే అనుకుంది! అది సరే, ఉత్తరం సంగతి ఆవిడకెలా తెలిసింది? సంచి తీసి చూసిందా? ఆవిడ నోరు విప్పనంటే విప్పదు. కానీ ఆవిడ మొహం చూస్తే కూతురు ఇట్టే పసిగట్టేస్తుంది. అంతకంటే తనే చెప్పేయడం నయం. వెంటనే ఫోన్ చేశాడు.

"ఏమోయ్, నీకో సంగతి చెప్పాలి. కంగారు పడకు."

"ఏమైందండీ?" భార్య అప్పటికే కంగారుపడిపోయింది.

"వారం నుంచి దాస్తున్నాను. ఇవాళ పదింటికి గనక తేడా వస్తే ఇంక నేను..."

ఫోన్ ఆగిపోయింది. రాత్రి ఛార్జింగు పెట్టింది తలకాయ మైకులకే గానీ ఫోన్‌కి కాదు. ఉద్యోగం అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. అవతల భార్య ఆ వాక్యాన్ని ఎలా పూర్తి చేసుకుని ఉంటుందో ఊహించుకుంటూ అలాగే నిలబడిపోయాడు. తేరుకుని చూస్తే దిగాల్సిన స్టాపు దాటి నాలుగు స్టాపులైంది.

సంచి చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు, సగం దూరం పరుగెత్తాడు. స్టూడియో చేరేసరికి పది దాటి అయిదు నిమిషాలు. ప్రచురణకర్త హెడ్‌ఫోన్ చేతిలో పట్టుకుని గడియారం చూస్తోంది. మేనేజరు మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఏదయ్యా, ఇటివ్వు" అని రికార్డరు లాక్కున్నాడు.

"సార్, అది ఇంకా కత్తిరించలేదు. ఒక్క పది నిమిషాలు..."

"పచ్చిగానే విందాం. మేడమ్‌కి టైము లేదు."

ముందు స్టీరియో వినిపించారు. నీళ్లు, బీరువా, దూరంగా అర్థం కాని గొణుగుడు. ప్రచురణకర్త తలూపింది. తర్వాత తలకాయది పెట్టారు. ఆవిడా, మేనేజరూ చెరో హెడ్‌ఫోన్‌తో కళ్లు మూసుకున్నారు. రికార్డిస్టు గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. కుక్క. చెప్పులు. ఇప్పుడు.

ప్రచురణకర్త కెవ్వున అరిచి వెనక్కి తిరిగింది. వెనక ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు. మేనేజరు మాత్రం కదల్లేదు. మెల్లగా కళ్లు తెరిచాడు. మొహం సున్నంలా తెల్లబడింది. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. ఉద్యోగం పోవడానికి నెలాఖరు దాకా ఆగక్కర్లేదని రికార్డిస్టుకి అర్థమైంది.

"సార్, అది..."

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అన్నాడు మేనేజరు.

"ఏది సార్?"

"ఇంకా ఎందుకు నటిస్తావు? పెద్దావిడ చేత ఇంత మర్యాదగా చెప్పించావు. అదే నయం. అవును, నాకు ఎడమ చెవి వినబడదు. ఎనిమిదేళ్లయింది. మా ఇంట్లో కూడా తెలీదు. నీ స్టీరియో, నీ బైనారల్, నాకు రెండూ ఒకటే. తేడా తెలీదని చెప్పుకోలేక ఇన్నాళ్లూ అడ్డుపడ్డాను."

ఏ పని తెచ్చినా ఈయన 'ఎడమ పక్క కాస్త పెంచు' అని ఎందుకనేవాడో రికార్డిస్టుకి అప్పుడు తెలిసింది. "నాకు తెలీదు సార్" అన్నాడు. మేనేజరు నమ్మలేదు. పైగా అంత గుట్టుగా ఉన్నందుకు అతని చెయ్యి పట్టుకున్నాడు.

ప్రచురణకర్త నీళ్లు తాగి, గ్లాసు దింపింది. "నేనూ నిజం చెప్పేస్తాను. వద్దని చెప్పి వెళ్దామనే వచ్చాను. దెయ్యాల కథలకి కీచుమనే తలుపులు, ఊళలు అందరూ పెడతారు. ఇందులో ఆవిడ మామూలుగా పలకరించింది, నాకు వెన్ను జలదరించింది. రెండేళ్ల కిందట ఓ స్నేహితురాలికి చెప్పకుండా దాచిన సంగతొకటి గుర్తొచ్చింది. మొత్తం కథలన్నీ ఈ తలకాయతోనే చేద్దాం. చదవడానికి మాత్రం ఆవిడే కావాలి. ఎవరావిడ?"

"మా అత్తగారండీ" అన్నాడు రికార్డిస్టు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని భార్య వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, కాళ్లకి రెండు రకాల చెప్పులు. వెనకే అత్తగారు, ఈసారి కళ్లజోడుతో.

"బతికే ఉన్నారా!" అని భార్య అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. "'ఇంక నేను' అని ఫోన్ పెట్టేస్తారా? 'ఇంక నేను' ఏంటి?"

రికార్డిస్టు సంచి అడుగు నుంచి ఉత్తరం తీసి ఇచ్చాడు. ఆమె చదువుతుంటే మేనేజరు అందుకుని రెండు ముక్కలు చేశాడు. ప్రచురణకర్త పని ఖాయమైందని చెప్పింది. భార్య కళ్లు తుడుచుకుంది. "ఇంతేనా? ఇలాంటిది నాకు చెప్పకపోతే ఎలా అండీ? ఇద్దరం కలిసి ఆలోచించుకునేవాళ్లం కదా" అంది. ఆ మాటకి వారం రోజుల తర్వాత మొదటిసారి అతనికి ఆకలేసింది.

"అంతా అత్తయ్యగారి చలవే" అన్నాడు తేలిగ్గా. "ఉత్తరం చూసి కూడా నన్ను ఒక్క మాట అనలేదు. ధైర్యం చెప్పారు."

అత్తగారు అందరి మొహాలూ చూసింది. "ఉత్తరమా? నేను ఏ ఉత్తరమూ చూళ్లేదే."

"మరి పొద్దున నాకంతా తెలుసన్నారు?"

"అదా! నోరు విప్పనని నీకు మాటిచ్చాను నాయనా, విప్పలేదు కూడా. నువ్వు కప్పు పగలగొట్టి జిగురుతో అంటించి పెట్టావని నేనెవరితోనూ అన్లేదు."

భార్య అతని చొక్కా వదిలేసి ఒకడుగు వెనక్కి వేసింది.

"ఉద్యోగం సంగతి సరేనండీ. ఏ కప్పు?"

ఆ ప్రశ్న అతనికి నాలుగు దిక్కుల నుంచీ వినబడింది.