రెండున్నర కిలోమీటర్ల ఇల్లు

సోమవారం పొద్దున్న పదకొండడుగులున్న దాలమ్మ రేకుల ఇల్లు ఆ సాయంత్రానికి నాలుగు బజార్లు, ఒక పోలీసు స్టేషను, ప్రసూతి ఆస్పత్రి, మున్సిపల్ ఆఫీసు కలుపుకుని రెండున్నర కిలోమీటర్లకు పెరిగింది. నగరంలో ఎవరూ కంగారు పడలేదు. కొలతల గుమస్తా సోమయాజులు గారు మాత్రం తన టేపు చాలదని తేల్చుకుని, ఇంకో టేపు కోసం స్టోర్సుకి అర్జీ పెట్టుకున్నారు.

అక్కడి నిబంధన అందరికీ తెలిసిందే. ఇల్లంటే గోడలు కాదు, కప్పు కాదు, రంగు. ఒకరి డబ్బాలోని రంగు ఎంతవరకు పడితే అంతవరకు ఒకే ఇల్లు. డబ్బా ఎవరిదైతే యజమాని వాళ్లే. రంగు పడని రేకుని ఇల్లనరు, సామాను అంటారు. సర్కారు స్థలంలో సామాను కనిపిస్తే లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

కొండ నెత్తి మీద దాలమ్మవి పద్నాలుగు రేకులు. గోనె సంచులు కుట్టే షెడ్డులో పనికి పోయి వస్తూ, రోజూ ఒక తట్టెడు గులకరాళ్లు నెత్తిన పెట్టుకుని ఎక్కి, రెండేళ్లు పోసి చదును చేసుకున్న జాగా అది. ఇరవై రెండేళ్లుగా ఆ రేకుల మధ్యే వండింది, పడుకుంది. రేకులకి మాత్రం ఏ రంగూ వేయలేదు. పోయిన వారం నోటీసు వచ్చింది. మంగళవారం సాయంత్రం ఐదు గంటలకల్లా సామానుకి రంగు వేసి ఇల్లు చేసుకోవాలి. లేకపోతే లారీ.

అందుకే అసిరినాయుడిని పిలిచింది. లారీ బాడీలకి రంగు కొట్టడంలో చేయి తిరిగినవాడు. తెల్లారి ఆరింటికే కంప్రెసరు మోసుకుని కొండెక్కేశాడు.

"ఇప్పుడే కొట్టేస్తానప్పా. గాలి నేదు, రంగు రేకునే పట్టుకుంటది."

"ఆగు తమ్ముడూ. రంగు ముట్టుకునేలోగా ఏడున్నర అయిపోద్ది. సోమవారం ఏడున్నరకి రాహుకాలం. తొమ్మిది దాటనీ."

"రాహువుకి రేకులతో ఏటి పని?"

"ఆయనకి ఏటి పనుందో నాకేటి తెలుసు? నాకున్నది ఒకే ఇల్లు. అదీ ఇంకా కాలేదు."

నాయుడు కూర్చుని మూడు బీడీలు కాల్చాడు. తొమ్మిది దాటాక గరుకు కాగితంతో తుప్పు గోకాడు. తలుపు గొళ్లేనికి, కిటికీ ఊచలకి పాత పేపర్లు అంటించాడు. కింద పూతగా ఎర్ర ప్రైమరు కొట్టాడు. నిబంధనల్లో ప్రైమరు ప్రస్తావన లేదు కాబట్టి దాని వల్ల ఏమీ జరగలేదు. అసలు రంగు, దాలమ్మ కొన్న డబ్బాలోని నెమలి మెడ లాంటి నీలం, స్ప్రే గన్నులో పోసేసరికి పదకొండు.

ఆ కొండ మీద పదకొండుకి సముద్రపు గాలి తిరుగుతుంది. చేపలవాళ్లందరికీ తెలుసు. నాయుడెప్పుడూ లారీ షెడ్డు లోపల కొట్టినవాడు, అతనికి తెలియదు.

గన్ను బుస్సుమంది. మొదటి రేకు నీలమైంది. రేకు మీద నిలవని రంగు సన్నటి పొగలా పైకి లేచింది. నేల మీదికి దిగలేదు. ఎవరో చీర దులిపినట్టు గాలిలో ఒక్కసారి విచ్చుకుని, కొండ నెత్తి దాటి, అవతలి వైపు నగరం మీదికి మెల్లగా జారింది. రెండో రేకు, మూడో రేకు. పొగ తెగలేదు. పావురాలు అందులోకి దూరి నీలంగా బయటకొచ్చాయి. దాలమ్మ చేతిలోని చెంబు కింద పెట్టి నిలబడిపోయింది. ఇరవై రెండేళ్లుగా రోజూ చూసే నగరమే. అదిప్పుడు, మొహం కడిగి బొట్టు పెట్టినట్టు, తన వైపే చూస్తోంది.

నాయుడు గన్ను దించాడు.

"ఆపేయమంటావా అప్పా? రంగంతా ఊళ్లోకి పోతంది."

"ఇంకెన్ని రేకులున్నాయి?"

"మూడు."

"ఆ మూడూ సామానుగా ఒగ్గేస్తే రేపు లారీ వాటిని ఊరకే ఒదుల్తదా? కొట్టు."

కొట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి నీళ్ల ట్యాంకు నీలం. గడియారం స్తంభం నీలం. బస్టాండులో అప్పటికి ఆగి ఉన్న తొమ్మిది బస్సులు గదులుగా నమోదయ్యాయి. కూడలిలో కదలకుండా నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబులు స్తంభంగా నమోదయ్యాడు. తను మనిషినని రుజువు చేసుకోవడానికి అతనికి ముప్పై రోజుల గడువిచ్చారు. నాలుగు లీటర్ల డబ్బా ఇంత దూరం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. ఫారంలో "రంగు వ్యాపనం" అన్న గడిలో సోమయాజులు గారు "బాగుంది" అని రాశారు.

తర్వాత జరిగింది దాలమ్మ గడపలోనే నిలబడి చూసింది. పరాయి ఇంట్లోకి చెప్పులతో వెళ్లకూడదు కదా. అందుకని నీలం మొదలయ్యే పొలిమేర దగ్గరే జనం చెప్పులు విడవడం మొదలుపెట్టారు. కొండ మీంచి చూస్తే రోడ్డుకి రెండు పక్కలా చెప్పుల గుట్టలు. లక్షమంది వట్టి కాళ్లతో నడుస్తున్నారు. హారన్లు లేవు. అరుపులు లేవు. చుట్టాలింటికి వచ్చినవాళ్లలా అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. అంత పెద్ద నగరం ఊపిరి తీసుకుంటున్న చప్పుడు ఆమెకి మొదటిసారి వినబడింది.

సాయంత్రం ఒక్కొక్కరే కొండెక్కారు. కమిషనరు గారు వచ్చి, రేపు ఆఫీసు తెరుచుకోవచ్చా అని అడిగారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు టోపీ చంకలో పెట్టుకుని, లాకప్పు ఇంట్లో ఉండటం అమ్మగారికి అభ్యంతరమా అన్నాడు.

"అందులో ఎవులున్నారు?"

"ఇద్దరున్నారండి."

"తిన్నారా?"

"ఇంకా లేదండి."

"నా ఇంట్లో ఎవులూ పస్తుండకూడదు బాబూ. ముందు అన్నం పెట్టండి."

పెట్టారు. అది రికార్డుల్లో ఉంది.

అందరూ దిగిపోయాక దాలమ్మ నాయుడి వైపు తిరిగింది. "ఇంత ఇల్లు ఎవులు తుడుస్తారు తమ్ముడా?"

"తుడిసేవోళ్లు అందులోనే ఉంటారప్పా. ఎతుక్కో."

ఆమె నవ్వింది. ఇంక లారీ రాదని ఆ రోజు నమ్మకంగా పడుకుంది.

మంగళవారం నాలుగున్నరకి సోమయాజులు గారు వచ్చారు. వట్టి కాళ్లు బొబ్బలెక్కాయి. గడప బయటే నిలబడి, ఎంతో మర్యాదగా ఫైలు తెరిచారు.

"అభినందనలమ్మా. మీ ఇల్లు కొలిచాం. ఇంత పెద్ద ఇల్లు మా సెక్షనులో నేను చూడలేదు. దాదాపు అంతా సక్రమంగానే ఉంది. పోలీసు స్టేషనుకి ప్లాను ఉంది. ఆస్పత్రికి ఉంది. సినిమా హాళ్లకి కూడా దొరికాయి. ఒక్క భాగానికే ప్లాను లేదు."

"ఏ భాగం?"

"ఈ పద్నాలుగు రేకులు."

"ఇది కలిసే కదా బాబూ, మిగతాదంతా నాదయింది?"

"కాదని ఎవరన్నారమ్మా? మీదే. అందుకే యజమానిగా మీ సంతకం కావాలి. ఒక భాగం అక్రమమైతే ఇల్లు మొత్తం అక్రమం. ఆ భాగం తీసేస్తే మొత్తం సక్రమం."

"సంతకం పెట్టనంటే?"

ఆయన ఇబ్బందిగా కళ్లజోడు తుడుచుకున్నారు. "రెండున్నర కిలోమీటర్లూ పడగొట్టాలి. ఐదు గంటలకి మొదలు. ఎక్స్‌కవేటర్లు ఆస్పత్రి పక్కన ఆపి ఉన్నాయి. లోపల నలభై ముగ్గురు బాలింతలు."

దాలమ్మ కిందికి చూసింది. నీలం డాబాల మధ్య ఆస్పత్రి మేడ మీద బుడ్డి బుడ్డి గుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి. వాటి మీద కూడా రంగు పడింది. ఆ పక్కనే పసుపు యంత్రాలు మూడు, చేతులు పైకెత్తి సిద్ధంగా ఉన్నాయి.

వేలిముద్ర వేసింది.

లారీ పావు గంటలో రేకులు ఎక్కించుకుంది. దాలమ్మకి గిన్నెల మూట మిగిలింది.

"నానెక్కడుండాలి బాబూ?"

"అదేమిటమ్మా, ఇంత ఇల్లు పెట్టుకుని?"

సోమయాజులు గారు గదుల జాబితా తీసి వరసగా చదివారు. ప్రతి గదిలోనూ ఎవరో ఉన్నారు. ఉన్నవాళ్లకి అద్దెదారుల రక్షణ ఉంది. యజమాని అయినా సరే వాళ్లని కదపకూడదు. జాబితా చివరి పేజీలో ఒకటి ఖాళీ దొరికింది. రైల్వే వంతెన కింద ఫుట్‌పాత్, ఆరడుగులు. "యజమాని వరండా" అని రాసి, కింద గుండ్రటి ముద్ర వేసి ఇచ్చారు.

దీపాలు పెట్టే వేళకి దాలమ్మ వంతెన కిందికి చేరింది. నీలం అక్కడితో ఆగిపోయింది. ఆపైన రైలు పట్టాల వైపు ఆకుపచ్చ, హార్బరు వైపు పసుపు, కోర్టుల వైపు గులాబీ. నాలుగు రంగులు కలిసే ఆ మూల ముగ్గురు దుప్పట్లు పరుచుకుని ఉన్నారు. వాళ్లలో ఒక ముసలాయన లేచి కూర్చున్నాడు.

"నీలం నీదేనేటమ్మా? నిన్న కొండ మీంచి వస్తంటే ఇక్కడి నుంచే సూశాం. ఎంత బాగుందో."

"అవును తాతా. మీదెక్కడ?"

"పట్టాల అవతలంతా నాదే. ఆకుపచ్చ. తొమ్మిదేళ్లయింది. స్టేషనుంది, కాలేజీ ఉంది. ఇదిగో, ఈ పైడితల్లమ్మది హార్బరు. ఓడలు కూడా ఆమె లెక్కే. ఆ మూల దుప్పటి కప్పుకున్నాయనది కోర్టులు."

దాలమ్మ ఒక్కొక్కరి వైపూ చూసింది. నగరం మొత్తానికీ యజమానులైనవాళ్లు ఒక్కచోట చేరడం తన కళ్లతో చూస్తానని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

"మరి, మిమ్మల్ని ఇక్కడి నుంచి లేపరా?"

"లేపుతారు. రోజూ పొద్దున్న ఐదింటికి, నీళ్లు కొట్టి," అన్నాడు ముసలాయన. "మనిల్లే కదమ్మా, శుభ్రంగా ఉండాలి." దుప్పటి పక్కకి లాగి ఆమెకి చోటిచ్చాడు.