మూడు నిమిషాల ప్రార్థన

కూర్మన్నపాలెంలో జ్ఞానశేఖర్ ఇల్లెక్కడండీ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. టైమాఫీసు శేఖర్ అనండి, కోడిగుడ్ల కొట్టతను కూడా గేటు దాకా దిగబెట్టి వస్తాడు. మనవాడు స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఇన్‌చార్జి. ఓ మిషను ఆపి రిపేరు చెయ్యాలంటే ఏ బోల్టు ఎన్నింటికి విప్పాలో, ఎన్నింటికి బిగించాలో నిమిషాలతో సహా చార్టు గీస్తాడు. ప్లాంటులో ఆ చార్టుకి తిరుగులేదు. ఇంట్లో దాని గతేమిటో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఆ గురువారం సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద గళ్ళ కాయితం పరిచి, స్కేలు పెట్టి, నాలుక బయటపెట్టి మరీ ఓ చార్టు గీశాడు. శనివారం తెల్లారగట్ల అలలకోటకి బయల్దేరే చార్టు.

అలలకోట అంటే మధురవాడ దాటి ఆనందపురం వైపు వెళ్తుంటే కొత్తగా పెట్టిన పార్కు. అందులో అన్నిటికంటే పెద్ద రైడు పేరు తుఫాను. వైజాగ్ వాళ్ళకి తుఫాను కొత్తా ఏమిటి? కాదు గానీ, టిక్కెట్టు కొనుక్కుని ఎక్కే తుఫాను మాత్రం ఇదే మొదలు. రోజుకి వందమందినే ఎక్కిస్తారు. పొద్దున్న ఎనిమిదింటికి గేటు దగ్గర టోకెన్లు ఇస్తారు, లైను ఆరున్నరకే మొదలవుతుంది.

కిందటి నెల వీళ్ళు వెళ్ళేసరికి పదకొండయింది. టోకెన్లు ఎప్పుడో అయిపోయాయి. తొమ్మిదేళ్ళ కూతురు ఎవాంజలిన్ కంచె పట్టుకుని, పైనుంచి కేకలేస్తూ దిగుతున్న పిల్లల్ని అరగంట చూసింది. ఏడిచుంటే ఐస్‌క్రీముతో సరిపోయేది. అది ఏడవలేదు. "పర్లేదులే డాడీ, నువ్వేటి సేత్తావు" అంది. ఆ మాట అతనికి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. ఈసారి తుఫాను ఎక్కించి తీరతానని పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చేశాడు. ఆదివారం చర్చి. సోమవారం బళ్ళు తెరుస్తారు. ఇక మిగిలింది ఈ ఒక్క శనివారమే.

"మూడున్నరకి గీజరు. మూడూ నలభైకి రోజలిన్ స్నానం, ఏడు నిమిషాలు" అని చదివాడు గర్వంగా.

రోజలిన్ అతని భార్య. ఆసుపత్రిలో హెడ్ నర్సు. డాక్టర్లే ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు.

"ఏడు నిమిషాలా? సబ్బు కూడా రాసుకోవచ్చా, ఒట్టి నీళ్ళేనా?"

"సబ్బుకి రెండు నిమిషాలు ఇచ్చాను, సూడు."

"మరి మీకు పన్నెండు నిమిషాలేటి?"

"నాకు గెడ్డం ఉంది."

"నాకు మీరున్నారు. ఆ మాత్రం టైం నాకూ ఇవ్వాల." ఆవిడ కాయితం లాక్కుని కింద దాకా చూసి ఆగిపోయింది. "ఇదేటండీ? నాలుగూ నలభై అయిదు, ప్రార్థన, మూడు నిమిషాలు?"

"ఏం? సాలదా?"

"మూడు నిమిషాలకి మా అమ్మ కొంగు సర్దుకుని గొంతు సవరించుకోడం అవుద్ది."

చిక్కంతా అక్కడే ఉంది. అత్తగారు రత్నమణమ్మ ఎలమంచిలిలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి, రిటైరై వీళ్ళ దగ్గరే ఉంటోంది. ప్రయాణ ప్రార్థన చెయ్యకుండా ఆ ఇంట్లో చక్రం కదలడానికి వీల్లేదు. అందరూ కారు చుట్టూ నిలబడాలి. ఆవిడ కారు తాళాలు గుప్పిట్లో పెట్టుకుని ప్రార్థన ఎత్తుకుంటుంది. మొదలు సృష్టి. పది నిమిషాలకి నోవహు ఓడ ఎక్కుతాం. అక్కణ్ణించి తుని చుట్టాల షుగరు, అనకాపల్లి మేనల్లుడి పరీక్షలు, వేటకెళ్ళిన జాలర్లు, రైలు గార్డులు, ప్రపంచ శాంతి. అన్నీ అయ్యాక మన కారు టైర్ల దగ్గరికొస్తుంది. కిందటి నెల ఆ టైర్ల దగ్గరికి రావడానికి యాభై నిమిషాలు పట్టింది.

"పోనీ కార్లో కూకుని సేసుకోమను" అన్నాడు శేఖర్.

"ప్రార్థనంటే అందరం కళ్ళు మూసుకోవాల. మీరూ మూసుకుని నడుపుతారా?"

"ముందురోజే సేయించేద్దాం."

"అడిగాను. నిన్నటి మన్నా ఇయ్యాళకి పురుగు పడతాదంది."

మన్నా అంటే ఎడారిలో దేవుడు ఏ రోజుకా రోజు కురిపించిన ఆహారం, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టేదిట. బైబిలు తెచ్చి అడ్డం పెడితే ఏ షిఫ్టు ఇన్‌చార్జి మాత్రం ఏం చేస్తాడు?

శుక్రవారం క్యాంటీన్లో ఈ గోడు విన్న గవర్రాజు దోసె తుంచడం ఆపాడు. గవర్రాజు గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఇతనికి ప్రాణ స్నేహితుడు. "ఆవిడ చేస్తే గంట. నువ్వు చేస్తే ఎంతసేపు బావా?"

"నానా? నాకు నాలుగు ముక్కలు మించి రావు."

"మరింకేం! ఇంటి యజమానివి. నేనే చేస్తానను. వద్దంటుందా?"

శేఖర్‌కి ఆ దోసె తనే తిన్నంత ఆనందం వేసింది. ఇంటికెళ్ళి, బూట్లు కూడా విప్పకుండా అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అత్తయ్యా, రేపు ప్రయాణ ప్రార్థన నాను సేత్తాను."

రత్నమణమ్మ ఏరుతున్న కందిపప్పు పళ్ళెం పక్కన పెట్టింది. అతని ముఖంలోకి చూసింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"పన్నెండేళ్ళయింది బాబూ. మీ పెళ్ళయిన కాడినించి ఇదే అడుగుతన్నాను దేవుణ్ణి. నా అల్లుడు ఒక్కసారి నోరిప్పి ప్రార్థన సేత్తే ఇంటానని." అతని చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

శేఖర్‌కి గుండెలో చిన్న ముల్లు గుచ్చుకుంది. అయినా గదిలోకెళ్ళి చార్టులో మూడు నిమిషాలు కొట్టేసి రెండు రాశాడు.

"మీరేటి సేసారో మీకు తెలుత్తందా?" అంది రోజలిన్ గుమ్మంలో నిలబడి.

"టైం ఆదా సేసాను."

"మా అమ్మ ఫోను పట్టుకుని మేడెక్కింది. గంటయింది, ఇంకా దిగలేదు."

"ఎవరితోనో కబుర్లు సెప్పుకుంటాదిలే."

శనివారం చార్టు చార్టులాగే నడిచింది. గీజరు టైముకి వెలిగింది, స్నానాలు టైముకి అయ్యాయి, గెడ్డం కూడా గాటు పడకుండా అయిపోయింది. పులిహోర డబ్బాలు, తువ్వాళ్ళు కార్లోకెళ్ళాయి. కారుని ముందే గేటు బయట రోడ్డు మీద, ఎన్‌ఏడీ జంక్షను వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. నాలుగూ నలభై మూడు. రెండు నిమిషాలు ముందే ఉన్నాం అనుకుంటూ ఉత్సాహంగా గేటు తెరిచాడు.

వీధిలో తెల్లచీరలు. ఒకటీ రెండూ కాదు, ఇరవై రెండు. చర్చి స్త్రీల సమాజం మొత్తం పాటల పుస్తకాలు పట్టుకుని నిలబడుంది. ముందు యోహాన్ పాస్టరుగారు, వెనక డోలక్కు, ఆ వెనక ఆటోలోంచి దిగుతున్న ప్లాస్టిక్ కుర్చీలు.

"ప్రైజ్ ద లార్డ్ బ్రదర్!" పాస్టరుగారు అమాంతం కావలించుకున్నారు. "అమ్మగారు ఫోన్లో చెప్తూ చెప్తూ ఏడ్చేశారు. మీరు మొట్టమొదటిసారి నోరు తెరుస్తుంటే మేం రాకపోతే ఎలా?"

శేఖర్ నోరు అప్పటికే తెరుచుకుని ఉంది.

వాకిట్లో కుర్చీలు వేశారు. ఒక పాట అన్నారు, ఒక పాటతో ఏ సమాజం ఆగింది గనక? మూడు పాడారు. ప్రతి పాటకీ చివరి చరణం రెండేసి సార్లు. అయిదూ అయిదు. పాస్టరుగారు "రెండే మాటలు" అని లేచారు. ఆ రెండు మాటలూ అయ్యేసరికి అయిదూ ఇరవై. ఆరు దాటితే ఎన్‌ఏడీ దగ్గర లారీలు. లారీల్లో పడితే మధురవాడ ఏడున్నర. శేఖర్ మెదడులో చార్టు పేక మేడలాగా కూలుతోంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

ఎవాంజలిన్ వచ్చి వేలు పట్టుకుంది. "డాడీ, లైను మొదలెట్టేసుంటారా?"

"లేదమ్మా. ఇంకా టైముంది." రోజలిన్ అతన్ని, పిల్లని మార్చి మార్చి చూసింది.

"తాళాలు ఇలాగియ్యి బాబూ, పట్టుకుంటాను" అంది రత్నమణమ్మ. ఇచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. తలలు వంగాయి. ఇరవై రెండు కొంగులు నెత్తిమీదికెక్కాయి.

"ప్రభువా" అన్నాడు శేఖర్. "మేం పార్కుకి ఎల్తన్నాం. సేమంగా తీసుకెళ్ళి తీసుకురా. యేసు నామంలో అడుగుతన్నాం తండ్రీ, ఆ..."

"నా మోకాళ్ళు బాబూ" అని పక్కనుంచి గుసగుసగా అంది సమాజంలో ఒకావిడ, పైడితల్లమ్మ.

కాదంటాడా? "పైడితల్లమ్మగారి మోకాళ్ళు బాగుచెయ్యి ప్రభువా. ఆ..."

"మా మోహన్ ఉద్యోగం."

"మోహన్‌కి ఉద్యోగం ఇప్పించు తండ్రీ. ఆ..."

"మా కోడలి నోరు."

"ఆళ్ళ కోడలి నోరు..." అని శేఖర్ ఆగిపోయాడు. ఆ నోటిని ఏం చెయ్యమని అడగాలో ఆవిడ చెప్పలేదు. "నీకు తెలుసు ప్రభువా" అని దేవుడికే వదిలేశాడు.

"స్తోత్రం!" అన్నారు ఇరవై రెండు మందీ.

అలాగ ఆమేన్ పొలిమేరదాకా వెళ్ళడం, వెనక్కి రావడం. పన్నెండు సార్లయింది. తుని, అనకాపల్లి అన్నీ తిరిగేశాడు. తను కూడా జాలర్ల దగ్గరికొచ్చేశాడని గ్రహించేసరికి అతనికి ఏడుపొచ్చింది. ఇంక పార్కు లేదు, టోకెను లేదు. మళ్ళీ ఆ పిల్ల కంచె పట్టుకుని నిలబడుతుంది. మళ్ళీ పర్లేదులే డాడీ అంటుంది. శేఖర్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ప్రభువా, ఇంక నీ దగ్గర దాసేదేటుంది. నాను భక్తితో ఒప్పుకోలేదు. తొరగా తెమిలిపోద్దని ఒప్పుకున్నాను. మా అత్తయ్య నిజమనుకుని నా సేతులు కళ్ళకద్దుకుంది. నాకు సిగ్గేత్తంది. కానీ నా పిల్లకి మాటిచ్చాను తండ్రీ. ఎప్పుడూ ఏదీ అడగని పిల్ల. ఈసారి కూడా తప్పితే దాని మొకం ఎలాగ సూడాల నాను? నన్ను సిచ్చించు, ఆ పిల్లని కాదు."

వాకిలంతా వెక్కిళ్ళు. "హల్లెలూయా!" అని డోలక్కు వాయించే ఆవిడ భోరుమంది. ఆ గోలలో వీధిలో కారు స్టార్టయిన చప్పుడు అతని చెవిన పడింది. ఎవరో అదృష్టవంతులు, బయల్దేరిపోతున్నారు అనుకున్నాడు.

"ఇప్పుడే ఎల్తన్న ఆ బండి ఎవరిదో గానీ తండ్రీ, ఆళ్ళనైనా టైముకి సేర్చు" అన్నాడు మనస్ఫూర్తిగా.

"ఆమేన్!" అని గట్టిగా అరిచింది రత్నమణమ్మ. ఆవిడ అన్నాక ఇంకెవరు అడ్డొస్తారు? అందరూ ఆమేన్ అనేశారు.

శేఖర్ కళ్ళు తుడుచుకుని తెరిచాడు. అయిదూ యాభై అయిదు. గేటు బయట కారు లేదు. భార్యా లేదు, పిల్లా లేదు.

"కారు! ఎవడో కారు ఎత్తుకుపోయాడు!"

"కేకలెయ్యకు బాబూ" అంది రత్నమణమ్మ. "అమ్మాయి సెయ్యి సాపింది. నానే తాళాలు పెట్టాను. నువ్వు ఆపేలాగ లేవు, పిల్లకి టైమైపోతంది."

జేబులో ఫోను మోగింది. రోజలిన్. "హైవే ఎక్కేసాం. మీరు ఎంత బాగా సేత్తన్నారంటే, మద్దెలో లేపబుద్ధి కాలేదండి."

"నన్నొదిలేసి ఎల్లిపోతారా? చార్టు గీసింది నాను!"

"చార్టు నా దగ్గరే ఉందిలెండి. పది గంటలకి పులిహోర అని రాసారు, అలాగే తింటాం" అని పెట్టేసింది.

తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో శేఖర్‌నే అడగాలి. సమాజానికి టీలు అందించాడు, కుర్చీలు ఆటోలోకెక్కించాడు. పాస్టరుగారు డైరీ తీసి, వచ్చే నెల ఉపవాస కూటంలో ప్రార్థన జ్ఞానశేఖర్ బ్రదర్ అని రాసుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు. ఎనిమిదింటి నుంచీ మెట్ల మీద కూర్చుని ఫోనునే చూస్తున్నాడు. ఎనిమిదీ ఇరవైకి అది మోగింది.

"డాడీ! తొంభై మూడో నెంబరు! మనకి టోకెను వచ్చేసింది డాడీ!"

అతనికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఎక్కు తల్లీ. గట్టిగా పట్టుకో" అనగలిగాడు అంతే.

రత్నమణమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కనే మెట్టు మీద కూర్చుంది. అతను తల ఎత్తలేకపోయాడు.

"అత్తయ్యా, అందరి ముందూ అంత మాట ఒప్పేసుకున్నాను. మీకు కోపం రాలేదా?"

"కోపం ఎందుకు బాబూ? పన్నెండేళ్ళ నించీ నాను ప్రార్థన సేత్తంటే నువ్వు ఒక కన్ను తెరిచి వాచీ సూత్తావని నాకు తెల్దా ఏటి?"

శేఖర్ చటుక్కున తల ఎత్తాడు. "మీకెలా తెలుసు?"

"నానూ ఒక కన్ను తెరిచే ఉంచుతాను మరి."

"తెలిసి కూడా, అంతసేపు ఎందుకు సేత్తారండీ?"

"నువ్వు రెండో కన్ను కూడా మూసేదాకా ఆగుదామని బాబూ" అంది రత్నమణమ్మ.