ముళ్ళపంది బాప్తిస్మం

ఒక పెద్ద అడవిలో పులికి భయపడనివాళ్ళు కొందరుండేవారు గానీ, సంఘ కమిటీకి భయపడనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక చర్చి. వెదురు గోడలు, రెల్లుగడ్డి కప్పు. గంట కొట్టే పని వడ్రంగిపిట్టది. పాస్టరు గారు ముసలి కణుజు దుప్పి, పేరు సమాధానం. పేరైతే సమాధానమే గానీ, ఎవరేం అడిగినా సమాధానం చెప్పేవారు కాదు. "ప్రార్థన చేద్దాం" అనేవారు.

సంఘానికి ఇద్దరు పెద్దలు. అడవిదున్న గిద్యోను గారు పొద్దస్తమానం మడుగులో మెడదాకా మునిగి ఉంటారు. కాబట్టి నిలువునా ముంచితేనే బాప్తిస్మమని ఆయన నమ్మకం. బావురుపిల్లి తిమోతి గారికి తోక తడిస్తే జ్వరం వస్తుంది. కాబట్టి నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలునని ఆయన నమ్మకం. ఇద్దరూ గ్రంథంలోంచే చూపించేవారు.

ఆ సంఘం నుంచి కొండ అవతలి బైబిలు కాలేజీకి వెళ్ళి వేదాంతం చదువుతున్న మొదటి పిల్లవాడు ముంగిస జెకర్యా. వేసవి సెలవులకు ఇంటికొచ్చాడు. చదువుకోకముందు పాము కనబడితే మీదపడి కరిచేవాడు. ఇప్పుడు పాము కనబడితే, అసలీ లోకంలోకి చెడు ఎలా వచ్చిందా అని ఆలోచిస్తూ నిలబడిపోతున్నాడు. వాళ్ళమ్మకు అదే బెంగ.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ లేస్తుంటే, గుమ్మం బయటి నుంచి ఒక గొంతు వినబడింది.

"అయ్యగారూ, వందనాలండీ. నాక్కూడా బాప్తిస్మం ఇప్పించండి."

ముళ్ళపంది పోలమ్మ. లోపలికొస్తే ఎవరికి గుచ్చుకుంటుందోనని ఎప్పుడూ గుమ్మం అవతలే కూర్చునేది. అక్కణ్ణుంచే పాటలన్నీ నేర్చేసుకుంది.

"ఎందుకమ్మా నీకు బాప్తిస్మం?" అన్నారు తిమోతి గారు, కాస్త వెనక్కి జరుగుతూ.

"ఇదివరకు ఎవరేమన్నా ఒళ్ళంతా ముళ్ళు లేచి నిలబడేవండీ. ఇప్పుడు మీ పాట ఒకటి పాడుకుంటే అవే పడుకుంటున్నాయి. అది చేసిందెవరో ఆయన మనిషిని అయిపోదామని."

పాస్టరు గారి కళ్ళు చెమర్చాయి. "ప్రార్థన చేద్దాం" అన్నారు.

సాయంత్రం కమిటీ కూర్చుంది. చదువుకున్నవాడని జెకర్యాను కూడా పిలిచారు.

"ముంచాలంటే పట్టుకోవాలి. దాన్నెవరు పట్టుకుంటారయ్యా?" అన్నారు గిద్యోను గారు.

"చిలకరించాలన్నా నెత్తిన చెయ్యి పెట్టాలిగా" అన్నారు తిమోతి గారు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సంఘం పుట్టాక వాళ్ళిద్దరికీ ఒక విషయంలో ఏకాభిప్రాయం రావడం అదే మొదలు.

తిమోతి గారు మీసాలు దువ్వుకున్నారు. "తొందరెందుకు? ముంచడమా, చిలకరించడమా? ముందు సిద్ధాంతం తేలాలి. మన జెకర్యా బ్రదర్ పెద్ద చదువు చదువుతున్నాడు. ఆదివారాల్లో వివరంగా బోధిస్తే అందరికీ మేలు. ఎన్నాళ్ళు పట్టినా పర్వాలేదు."

"ఎన్నాళ్ళు పట్టినా" అన్నారు గిద్యోను గారు భక్తిగా.

జెకర్యా ఛాతీ ఉప్పొంగింది. ఉప్పు నిప్పులాంటి ఇద్దరూ ఉన్నట్టుండి ఎందుకు ఒక్కటయ్యారో ఆలోచించలేదు. పొగిడితే ఆలోచన ఆగిపోతుందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు పాపం.

బోధించాడు. బాప్తిస్మానికి మూలమైన గ్రీకు మాట చెప్పాడు, దాని మూలం చెప్పాడు, మూలానికి మూలం చెప్పాడు. మొదటి వారం జనం ఆవలించారు. రెండో వారం కప్పలు లేచి, "అంటే నిండా మునిగిన మేమే అసలైనవాళ్ళం" అన్నాయి. కుందేళ్ళు చెవులు నిక్కించి, "అయితే మాది ఉత్తుత్తి బాప్తిస్మమా?" అన్నాయి. అంతే, రాజుకుంది. అప్పటిదాకా ఎవరికీ పట్టని సంగతి అందరికీ ప్రాణమైపోయింది. చర్చి మధ్యలో తడిక వెలిసింది. అందరూ కలిసి తినే ప్రేమ విందుకు రెండు వంటలయ్యాయి. ఒకే గూట్లో కాపురమున్న గువ్వల జంట మాటలు మానేసింది. కోతులు మాత్రం ఎటు కేకలెక్కువుంటే అటు కూర్చునేవి. పాస్టరు గారికి ప్రతి ఆదివారం సరిగ్గా ప్రసంగం వేళకు గొంతు పోయేది.

వాయిదా వేద్దామనుకున్న పెద్దలిద్దరూ ఇప్పుడు చెరో సేనకు నాయకులై కూర్చున్నారు. నాయకుడన్నాక గెలవాలి. గెలుపు చూపించుకోవాలంటే తమ పద్ధతిలో ఎవరికో ఒకరికి బాప్తిస్మం ఇవ్వాలి. అడవి మొత్తంలో బాప్తిస్మం కావాలని అడిగింది పోలమ్మ ఒక్కతే.

"మా వైపు రా పోలమ్మా" అని వాగు కుడి ఒడ్డు నుంచి గిద్యోను గారు.

"మా వైపు రా చెల్లెమ్మా" అని ఎడమ ఒడ్డు నుంచి తిమోతి గారు.

పోలమ్మ నేరుగా నేరేడు చెట్టు కిందకు వెళ్ళింది. అక్కడ జెకర్యా ఐదో బోధ తయారుచేసుకుంటున్నాడు.

"బాబయ్యా, ఒక్క మాట. ఇద్దరూ రమ్మంటున్నారు. సరే, నన్ను పట్టుకునేదెవరండీ అంటే ఇద్దరూ పక్కకు చూస్తున్నారు. నీ చదువులో నన్ను పట్టుకునేవాళ్ళ సంగతేమన్నా ఉందా?"

జెకర్యా నోరు తెరిచాడు. గ్రీకు మాట ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆమె వెళ్ళిపోయాక ఐదో బోధను పక్కన పెట్టేశాడు. ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకుని బాగుచేసిన సంగతి పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడే. కానీ, దూరంగా నిలబడి ఒక్క మాటంటే బాగయ్యేదానికి ఆయన చెయ్యి చాపి ముట్టుకోవడమెందుకని ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడనుకున్నాడు. మొహం వేడెక్కింది. లేచి పాస్టరు గారింటికి పరుగెత్తాడు.

"అయ్యగారూ, ఆదివారం పొద్దున పోలమ్మను వాగులోకి తీసుకెళ్తాను. మీరు మాటలు చెప్పండి, నేను పట్టుకుంటాను."

"ప్రార్థన..." అని మొదలుపెట్టి పాస్టరు గారు ఆగిపోయారు. ముసలి కొమ్ములు ఒకసారి ఎత్తి చూశారు. "సరే. పట్టుకో. నేనూ ఓ చెయ్యి వేస్తాను."

ఆదివారం అడవంతా వాగు రెండు ఒడ్ల మీదా కూడింది. నీళ్ళ మధ్యలో ముగ్గురే: కణుజు, ముంగిస, ముళ్ళపంది. జెకర్యా రెండు చేతులా పోలమ్మను పట్టుకున్నాడు.

"అబ్బా!"

"ఆమేన్ అనాలి బాబయ్యా" అంది పోలమ్మ భయంభయంగా.

పాస్టరు గారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల త్రియేక నామం పలికారు. గొంతు ఖంగుమంది. ఇద్దరూ కలిసి ఆమెను నీళ్ళలోకి నొక్కారు. బుడుంగున పైకి లేచింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ లేచింది. ముళ్ళపంది ముళ్ళు లోపల బోలుగా ఉంటాయి. నిండా గాలి. ఎండు సొరకాయ బుర్రను ముంచడం ఎవరి తరం?

"మునగలేదు! వీపు కనబడుతోంది! చెల్లదు!" అని గిద్యోను గారు రంకె వేశారు.

"ఇది చిలకరింపూ కాదు! అసలే చెల్లదు!" అన్నారు తిమోతి గారు, బాగా కనబడాలని నీళ్ళంచు బండ మీదికెక్కి.

జెకర్యా తెల్లబోయాడు. మునగని విశ్వాసి గురించి ఏ పండితుడూ ఒక్క ముక్క రాయలేదు.

అంతలో పోలమ్మకు నవ్వొచ్చింది. "నన్ను ముంచడం మీవల్ల కాదయ్యా, నన్ను పుట్టించినవాడే తేలేట్టు పుట్టించాడు!"

ఆ మాటకు పాస్టరు గారు పకపకా నవ్వారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు అడవిలో లేరు. "చాలమ్మా. నువ్వు ఆయనదానివే. ఒడ్డుకు పద" అన్నారు.

ఒడ్డెక్కిన పోలమ్మ తడిసిన జంతువులన్నీ చేసే పనే చేసింది. ఒళ్ళు గట్టిగా విదిలించింది. అన్ని ముళ్ళ నుంచి నీళ్ళు వానలా లేచి రెండు ఒడ్లనూ తడిపాయి. గిద్యోను గారి నెత్తిన నాలుగు చుక్కలు చక్కగా చిలకరించినట్టు పడ్డాయి. తప్పించుకోబోయిన తిమోతి గారి కాలు జారింది. బండ మీంచి వాగులో పడి నిలువునా మునిగి, మూడు బుడగలు వదిలి పైకి తేలారు.

ముందు ఒక కప్ప నవ్వింది, తర్వాత ఒక కుందేలు. ఆ తర్వాత ఏ ఒడ్డు ఏ పక్షమో ఎవరికీ గుర్తులేదు. మధ్యాహ్నం ఒకే వంట అయింది. ఇంటి దగ్గర వాళ్ళమ్మ జెకర్యా అరచేతుల్లోంచి ముళ్ళు పీకుతూ తిట్టింది, తిడుతూనే ముద్దు పెట్టుకుంది.

పోలమ్మ ఇప్పుడు చర్చి లోపలే, నడిమధ్యన కూర్చుంటుంది. కునికిపాట్లు పడితే ఆమె మీదే ఒరగాలి గనుక, చుట్టుపక్కలవాళ్ళు నిద్రపోవడం మానేశారు. తన ప్రసంగాలకు ఈ మధ్య బాగా పదును వచ్చిందని పాస్టరు గారు మురిసిపోతున్నారు.

నీతి: ఒళ్ళు తడవకూడదనుకునేవాడు నీళ్ళ లోతు మీద చర్చ పెట్టుకోవాలి.